ఇంట్లో పెళ్లికి కెమెరా పట్టుకెళ్తున్నారా, ముందు ఈ సెట్టింగ్‌లు చూసుకోండి

మా అమ్మమ్మ మనసారా నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. అది నేనే తీశాను, మా పెద్దక్క పెళ్లిలో నలుగు పెట్టే రోజు పొద్దున, పసుపు గిన్నె చేత్తో పట్టుకుని ఎవరో ఏదో అంటే పకపకా నవ్వేసింది. కెమెరా నాది కాదు, తెలిసినవాళ్లని అడిగి తెచ్చుకున్నది, వాళ్లు కార్డులో ఎక్కువ ఫోటోలు పడతాయని సైజుని ఎస్2 అనే చిన్న సైజులో పెట్టి ఉంచారు, నేను చూసుకోలేదు. అమ్మమ్మ పోయాక ఆ ఫోటోని 12 బై 18 అంగుళాల ఫ్రేమ్ కట్టిద్దామని స్టూడియోకి తీసుకెళ్తే ఆయన కంప్యూటర్లో తెరిచి, బాబూ ఇది 1920 బై 1280 పిక్సెల్స్, అంటే చుక్కలే ఉంది, ఇంత పెద్దది వేస్తే మొహం అలికినట్టు అయిపోద్ది అన్నారు. చివరికి మ్యాక్సీ సైజులోనే, అంటే మామూలు ఆల్బమ్ ఫోటో అంతే వేయించాం, ఇప్పుడు మా హాల్లో గోడకి చిన్నగా ఉంటుంది, చూసినప్పుడల్లా ఇంకొంచెం పెద్దగా ఉంటే బాగుండేది కదా అనిపిస్తుంది.

అందుకే ఇది రాస్తున్నా. వెలుతురు తక్కువైతే తర్వాత కొంత సర్దుకోవచ్చు, రంగు తేడా వస్తే సర్దుకోవచ్చు, కానీ కెమెరా కార్డు మీద రాయని పిక్సెల్‌ని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా తెచ్చిపెట్టలేదు. కాబట్టి క్వాలిటీ సెట్టింగ్ ముందు, మిగతావన్నీ ఆ తర్వాత.

నేను చెప్పేదంతా కానన్ 1500డి మీద చెప్తాను, ఎందుకంటే మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ కొనుక్కున్నవాళ్ల చేతుల్లో నేను ఎక్కువగా చూసేది అదే, నేను వాడేది కూడా అదే. నికాన్, సోనీ ఉన్నవాళ్లకి మెనూలో పేర్లు కొంచెం మారతాయి, పని అదే. ఇంకో మాట, పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకునే ఉంటారు కదా, వాళ్లకి అడ్డం వెళ్లొద్దు, స్టేజీ వాళ్లది. మనకి మిగిలేది లోపలి గదులు, వంటలు, పెద్దమ్మ జడ వేయడం, మేనమామ బుట్ట సర్దుకోవడం, ఇలాంటివి, నన్నడిగితే ఇరవై ఏళ్ల తర్వాత ఇంట్లోవాళ్లు వెతికి చూసుకునేవి ఇవే.

మెనూ నొక్కగానే మొదటి ట్యాబ్‌లో పైనే ఇమేజ్ క్వాలిటీ ఉంటుంది. అందులో ఎల్, ఎం, ఎస్1, ఎస్2, ఎస్3 అని సైజులు, ఎల్, ఎం, ఎస్1 పక్కన నున్నగా వంపు తిరిగిన గుర్తు ఒకటి, మెట్లు మెట్లుగా ఉన్న గుర్తు ఒకటి కనిపిస్తాయి. నున్నటిది ఫైన్, మెట్లది నార్మల్, అంటే రెండూ ఒకే సైజు ఫోటోలే కానీ నార్మల్‌లో ఫైల్ని ఎక్కువ నొక్కి చిన్నది చేస్తుంది, జుట్టు దగ్గర, చీర జరీ దగ్గర, ఆకాశంలో ఆ తేడా తెలుస్తుంది. ఎల్ అంటే 6000 బై 4000, అంటే 24 మెగాపిక్సెల్స్. మంచి ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్క వేస్తారు, ఆ లెక్కన 6000 ని 300 తో భాగిస్తే 20 అంగుళాలు, 4000 ని భాగిస్తే 13 అంగుళాల పైన, అంటే 12 బై 18 ఫ్రేమ్ హాయిగా వస్తుంది. అదే ఎస్2 అయితే 1920 ని భాగిస్తే ఆరు అంగుళాల పైన అంతే, మ్యాక్సీ సైజు దాటితే కష్టం. ఎస్3 అయితే 720 బై 480, అది ప్రింట్ కోసం కాదసలు. కార్డులు ఇప్పుడు ఖరీదేం కాదు, ఎల్ ఫైన్ ఒక్కో ఫోటో సుమారు 7, 8 ఎంబీ ఉంటుంది, 32 జీబీ కార్డులో వేలల్లో పడతాయి, కాబట్టి చోటు మిగులుద్దని ఎల్ కంటే కిందకి వెళ్లొద్దు, దయచేసి వెళ్లొద్దు.

ఇక రా ఫైలు సంగతి. జేపెగ్ అంటే కెమెరానే లోపల వండి వడ్డించేసిన ఫోటో, రంగు, షార్ప్‌నెస్, కాంట్రాస్ట్ అన్నీ తనే నిర్ణయించి, మిగతా సమాచారం పారేస్తుంది. రా అంటే సెన్సార్‌కి, అంటే లోపల వెలుతురు పట్టే చిప్‌కి అందింది అందినట్టు దాచిపెట్టడం. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లుంటాయి, ఈ కెమెరా రా ఫైల్లో 14 బిట్ అంటే 16384 మెట్లు, అందుకే నీడలో నల్లబడ్డ మొహాన్ని రా లో పైకి లాగితే వస్తుంది, జేపెగ్‌లో లాగితే బూడిద రంగు మచ్చలొస్తాయి. ఈ కానన్ రా ఫైలుకి చివర సీఆర్2 అని, నికాన్‌కి ఎన్ఈఎఫ్ అని, సోనీకి ఏఆర్‌డబ్ల్యూ అని ఉంటుంది, మామూలు ఫోన్ గ్యాలరీలో తెరుచుకోకపోతే పాడైందనుకుని డిలీట్ చేయకండి. రా ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ. నా సలహా ఏంటంటే రా ప్లస్ ఎల్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది పెట్టండి, జేపెగ్ ఆ రోజే చుట్టాలకి పంచుకోవడానికి, రా తర్వాత తీరిగ్గా కూర్చుని సర్దుకోవడానికి, 64 జీబీ కార్డులో రెండూ కలిపి 1500 పైనే పడతాయి. ఒక్క ఇబ్బంది ఉంది, రెండూ రాయాలంటే కెమెరాకి బరువు ఎక్కువ, ఈ మోడల్ సెకనుకి 3 ఫోటోలే తీస్తుంది, అందులో రా కూడా పెడితే వరసగా కొన్ని తీయగానే లోపలి మెమరీ నిండిపోయి బటన్ నొక్కినా పలకదు. అది సరిగ్గా తలంబ్రాల టైంలో జరిగితే ఎలా ఉంటుందో చూసుకోండి. అందుకని తలంబ్రాలు మొదలయ్యే ముందు రా తీసేసి ఎల్ ఫైన్ ఒక్కటే పెట్టుకోండి, అయ్యాక మళ్లీ వెనక్కి మార్చుకోండి.

అదే ట్యాబ్‌లో రిలీజ్ షట్టర్ వితౌట్ కార్డ్ అని ఇంకోటి ఉంటుంది, దాన్ని డిసేబుల్ చేయండి. లేకపోతే కార్డు ల్యాప్‌టాప్‌లోనే మర్చిపోయి వచ్చినా షట్టర్ టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది, మనం తీశాం అనుకుంటాం. కలర్ స్పేస్ అని ఉంటుంది, అందులో ఎస్‌ఆర్‌జీబీ ఉంచండి, అడోబీ ఆర్‌జీబీ పెడితే ఫోన్లలో, చాలా ల్యాబుల్లో రంగులు వెలిసినట్టు కనపడతాయి. తేదీ, టైం కూడా సరిగ్గా పెట్టుకోండి, తర్వాత నలుగురి కెమెరాల్లోవి కలిపి వరసగా పేర్చుకోవాలంటే అదొక్కటే ఆధారం.

పిక్చర్ స్టైల్ జేపెగ్‌కే ముఖ్యం, రా లో తర్వాత మార్చుకోవచ్చు. ల్యాండ్‌స్కేప్ స్టైల్ పెళ్లిలో పెట్టొద్దు, రంగులు బాగా గాఢం చేస్తుంది, ఎర్ర పట్టుచీర మీద అది పెడితే చీరంతా ఒకే ఎర్ర ముద్దలా అయిపోయి మడతలూ జరీ పువ్వులూ కనపడవు, ఎర్ర రంగు మెట్లు పైకి వెళ్లి అక్కడ తెగిపోతాయి కాబట్టి అలా అవుతుంది. పోర్ట్రెయిట్ పెట్టి, లోపల శాచురేషన్, అంటే రంగు గాఢత ఒక గీత తగ్గించండి, చీర బాగుంటుంది, చర్మం కూడా బాగుంటుంది.

ఇప్పుడు షూటింగ్ సెట్టింగ్‌లు. పైన డయల్ మీద ఆకుపచ్చ ఏ ప్లస్ ఉంటుంది కదా, అందులో ఉన్నంతసేపూ ఐఎస్ఓ (అందిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో), వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుని బట్టి ఫోటో రంగు సర్దడం), ఫోకస్ పాయింట్ ఏదీ మన చేతిలో ఉండదు, చీకటిగా ఉందనిపిస్తే అడక్కుండానే ఫ్లాష్ లేపేస్తుంది. ముహూర్తం తెల్లవారుజామున ఉండి దీపాల వెలుగులో గౌరీపూజ జరుగుతుంటే ఆ ఫ్లాష్ ఒక్కటి చాలు ఆ వెలుగంతా చంపేయడానికి. కాబట్టి ఏవీ అని రాసి ఉన్న మోడ్‌కి రండి, నికాన్, సోనీలో అది ఏ. ఇందులో అపర్చర్, అంటే లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం చెప్తాం, షట్టర్ స్పీడ్, అంటే వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలో అది చూసుకుంటుంది. టీవీ అని ఇంకోటి ఉంటుంది, టెలివిజన్ కాదు, అందులో షట్టర్ స్పీడ్ మనం చెప్తాం, నికాన్, సోనీలో అది ఎస్. పెళ్లి మొత్తం ఈ రెండింటితోనే అయిపోతుంది, మాన్యువల్ ఎం మోడ్ రాకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు.

కెమెరాతో వచ్చే 18-55 లెన్స్‌లో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జూమ్ చేయకుండా 18 దగ్గర ఉంటే అపర్చర్ ఎఫ్ 3.5 దాకా తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ తెరుచుకున్నట్టు), 55 కి జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కే ఆగిపోతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు సుమారు రెండున్నర రెట్లు తగ్గిపోయినట్టు. చీకటి గదిలో దూరం నుంచి జూమ్ చేసి తీసినవి ఎందుకు కదిలిపోతున్నాయో ఇప్పుడు అర్థమైందా, జూమ్ తగ్గించి రెండడుగులు ముందుకెళ్లండి, సగం సమస్య అక్కడే పోతుంది. కానీ 18 దగ్గర పెట్టి మొహం మీదకి మరీ దగ్గరగా వెళ్తే ముక్కు పెద్దదిగా వస్తుంది, గదుల్లో మనుషుల్ని 24 నుంచి 35 మధ్య తీయడం నాకు బాగా కుదిరింది. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనుక్కోండి, ఎఫ్ 5.6 తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, కొత్త కెమెరా బాడీ కొనడం కంటే ముందు చేయాల్సిన పని ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

షట్టర్ స్పీడ్‌కి నా లెక్కలివి. కూర్చున్న పెద్దవాళ్లకి 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు చాలు, నిలబడి మాట్లాడుకుంటున్నవాళ్లకి 1/125, తలంబ్రాలు, బిందెలో ఉంగరం వెతకడం, పిల్లల పరుగులు, వీటికి 1/250 కంటే తక్కువైతే చేతులు చెరిగిపోతాయి, తలంబ్రాల బియ్యం గాల్లో గింజ గింజగా ఆగి కనపడాలంటే 1/500 దాకా వెళ్లాలి. లెన్స్ మీద ఐఎస్ అని స్టెబిలైజర్ బటన్ ఉంటే ఆన్‌లో ఉంచండి, అయితే అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదురుగా కదిలే మనిషిని ఆపలేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఏవీ మోడ్‌లో ఉన్నప్పుడు వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ కింద కనిపించే నంబర్ మీద కన్నేసి ఉంచండి, అక్కడ 30 అనో 15 అనో కనిపించిందంటే 1/30, 1/15 అని, వెంటనే ఐఎస్ఓ పెంచాలి.

ఐఎస్ఓ అంటే భయపడేవాళ్లని చాలామందిని చూశాను, 400 దాటితే ఫోటో పాడైపోద్దని ఎవరో చెప్పి ఉంటారు. ఈ కెమెరాలో 100 నుంచి 6400 దాకా ఉంది, 1600 దాకా నేను అసలు ఆలోచించను, 3200 లో ఇసక చల్లినట్టు గింజలు కనపడతాయి కానీ మ్యాక్సీ సైజు ప్రింట్‌లో ఎవరూ గుర్తుపట్టరు, 6400 అంటే ఇంకో దారి లేనప్పుడు. గింజలున్న ఫోటోలో మనిషి మొహం కనపడుతుంది, కదిలిపోయిన ఫోటోలో అదీ ఉండదు, కాబట్టి రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే ఐఎస్ఓ పెంచడమే. మెనూలో ఐఎస్ఓ ఆటో మాగ్జిమమ్ ఉంటుంది, దాన్ని 3200 కి పెట్టి ఐఎస్ఓని ఆటోలో వదిలేయండి. తలంబ్రాలప్పుడు టీవీ మోడ్, 1/250, ఐఎస్ఓ ఆటో, ఈ మూడూ ముందే పెట్టుకుని నిలబడితే ఇక వేలు షట్టర్ మీద ఉంటే చాలు. అపర్చర్ నంబర్ మినుకు మినుకుమంటుంటే మాత్రం లెన్స్ పూర్తిగా తెరిచినా వెలుతురు చాలట్లేదని అర్థం, అప్పుడు మాగ్జిమమ్‌ని 6400 కి పెంచండి, లేదా స్పీడ్ కాస్త తగ్గించండి.

లైట్ల దగ్గర ఇంకో చిక్కుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. 1/250, 1/500 పెట్టి తీస్తే ఒక ఫోటో కాంతిగా, పక్కది డల్‌గా, ఒక్కోసారి అడ్డంగా చారలుగా వస్తుంది. కెమెరా పాడైందని కంగారు పడకండి, 1/100 కి గానీ 1/50 కి గానీ రండి, పోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి అక్కడ 60 హెర్ట్జ్ కాబట్టి 1/60, 1/125 సరిపోతాయి. కల్యాణ మండపంలో చారలు వస్తూ, తలంబ్రాలకి స్పీడ్ కూడా కావాలంటే ఏం చేయాలి అంటే, వీడియోవాళ్ల ఫోకస్ లైటు పడుతున్న వైపు నిలబడండి, ఆ వెలుతురు ఎక్కువగా ఉన్నచోట చారలు చాలా తగ్గుతాయి, అయినా వస్తే నాలుగు ఎక్కువ తీసి మంచివి ఏరుకోవాలి.

ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా వేసిన లెక్క కంటే ఫోటోని మనం కాస్త వెలుగుగానో చీకటిగానో చేయడం, ఇది నేర్చుకుంటే మీ ఫోటోలు ఒక్క రోజులో మారిపోతాయి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ఏ దృశ్యాన్ని చూసినా అది మధ్యరకం బూడిద రంగు వెలుతురులో ఉందనుకుంటుంది. వధూవరులిద్దరూ మధుపర్కాలు కట్టుకుని కూర్చున్నారనుకోండి, ఎదురుగా అంతా తెలుపే, అబ్బో వెలుతురు ఎక్కువైంది అనుకుని కెమెరా తగ్గించేస్తుంది, తెల్లబట్టలు మాసినట్టు, మొహాలు నల్లగా వస్తాయి. వెనకాల ఏవీ ప్లస్ మైనస్ అని బటన్ ఉంటుంది, అది నొక్కి పట్టుకుని పైన చక్రం తిప్పి ప్లస్ 2/3 కో ప్లస్ 1 కో తీసుకురండి, మధుపర్కాలు తెల్లగా వస్తాయి. రాత్రి పూట నల్లటి ఆకాశం ముందు ఊరేగింపు తీస్తుంటే తిరగేసి మైనస్ 1. స్టేజీ వెనకాల లైట్ల గోడ పెట్టి ఉంటే మళ్లీ ప్లస్, లేదా మీటరింగ్‌ని పార్షియల్‌కి మార్చి మొహాన్ని మధ్యలో పెట్టి తీయండి, అది మధ్యలో కొంచెం చోటే చూసి లెక్క వేస్తుంది. పని అయ్యాక సున్నాకి తెచ్చుకోండి, కెమెరా దానంతటది మర్చిపోదు, మనమే మర్చిపోతాం.

సరిగ్గా వచ్చిందా లేదా అని వెనక స్క్రీన్ చూసి నమ్మొద్దు, చీకట్లో అన్నీ వెలుగుగానే, ఎండలో అన్నీ చీకటిగానే కనపడతాయి. ఫోటో చూస్తూ డిస్ప్ బటన్ రెండు మూడు సార్లు నొక్కితే హిస్టోగ్రామ్ అని గుట్టలాంటి బొమ్మ వస్తుంది, గుట్ట కుడి గోడకి గుద్దుకుని నిలబడిపోయిందంటే తెలుపు కాలిపోయింది, ఆ చోట్లు నల్లగా మిణుకుతూ కూడా చూపిస్తుంది. దీపం మంట కాలిపోతే ఫరవాలేదు, మొహం మీదో మధుపర్కాల మీదో మిణుకు కనపడితే వెంటనే మైనస్ వైపు ఒక గీత తగ్గించి మళ్లీ తీయండి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే పగలు బాగానే ఉంటుంది. మంగళస్నానం దగ్గర మాత్రం ఫ్రేమంతా పసుపే కాబట్టి ఆటో దాన్ని లైటు తప్పనుకుని పసుపుదనం లాగేస్తుంది, పెళ్లికూతురు ఒంటి మీద పసుపు పాలిపోయినట్టు వస్తుంది, నీడలో అయితే షేడ్, ఎండలో అయితే డేలైట్ అని మనమే పెట్టాలి. మండపంలో లైట్లు మాత్రం కొన్ని పచ్చగా కొన్ని నీలంగా ఉంటాయి, అక్కడ కస్టమ్ మంచిది, పెళ్లివాళ్లు కూర్చునే చోట తెల్ల కాగితమో తెల్ల కండువానో పెట్టి ఫ్రేమ్ మధ్యంతా నిండేలా ఫోటో తీసి, మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లోకి వెళ్లి ఆ ఫోటో చూపించి ఓకే కొట్టి, తర్వాత డబ్ల్యూబీ బటన్‌తో కస్టమ్ గుర్తు ఎంచుకోవాలి, ఈ చివరి అడుగు చాలామంది వదిలేస్తారు. హోమం వెలుగు మాత్రం ఎర్రగానే ఉండనివ్వండి, దాన్ని తెల్లగా మారిస్తే అది హోమంలా ఉండదు.

ఫోకస్‌కి వస్తే, మంగళసూత్రం కట్టేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా అక్షింతలు వేస్తారు, కెమెరాలో 9 ఫోకస్ పాయింట్లూ ఆన్‌లో ఉంటే దగ్గరగా ఏ చెయ్యి అడ్డొస్తే దాని మీదే ఫోకస్ పడిపోతుంది, సూత్రం, మొహం మసకగా పోతాయి. ఆ క్షణం రెండోసారి రాదు. కాబట్టి మధ్య పాయింట్ ఒక్కటే ఎంచుకోండి, ఈ కెమెరాలో గట్టిగా పనిచేసేదీ అదే, ఫోకస్‌ని ఒకసారి పట్టి అక్కడే ఆపే వన్ షాట్ మోడ్‌లో పెళ్లికూతురి కంటి మీద పెట్టి షట్టర్ సగం నొక్కి, బీప్ వచ్చాక నొక్కి పట్టుకునే ఫ్రేమ్ సర్దుకుని పూర్తిగా నొక్కండి. మేనమామలు పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకొస్తున్నప్పుడు మాత్రం ఏఐ సర్వో, అది కదిలేవాళ్ల వెంటే ఫోకస్ మారుస్తూ ఉంటుంది. స్క్రీన్ చూస్తూ లైవ్ వ్యూలో తీయొద్దు, ఇందులో అక్కడ ఫోకస్ నెమ్మది, కన్ను వ్యూఫైండర్‌కే ఆనించండి. కళ్లజోడు ఉన్నవాళ్లు వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం తిప్పి లోపలి అంకెలు స్పష్టంగా కనపడేలా చేసుకోండి.

కెమెరా మీదున్న ఫ్లాష్ చివరి దారి. ఐఎస్ఓ 100, ఎఫ్ 5.6 దగ్గర అది చేరేది మీటరున్నర దాకానే, ఐఎస్ఓ 800 పెడితే నాలుగున్నర మీటర్లు, హాలు వెనక కుర్చీల్లోంచి ఫ్లాష్ కొట్టేవాళ్లకి ముందు వరసవాళ్ల తలలే తెల్లగా వస్తాయి. ఎండలో మొహం మీద నీడ పడ్డప్పుడు మాత్రం దగ్గర్నుంచి వేస్తే చాలా బాగుంటుంది.

బయల్దేరే ముందు పాత ఫోటోలు కాపీ అయ్యాయో లేదో చూసుకుని కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, బ్యాటరీ ఒకదానికి సుమారు 500 ఫోటోలు వస్తాయి, రెండోది జేబులో ఉంచుకోండి. ఇంటికొచ్చాక కార్డుని రెండు చోట్ల కాపీ చేసేదాకా అందులో ఒక్కటి కూడా చెరపొద్దు. చుట్టాలకి వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, మనం ఎల్‌లో తీసింది కూడా అవతల చిన్నదై చేరుతుంది. ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు ఫోన్లోంచి కాదు, పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలే తీసుకెళ్లండి, స్టూడియోలో తెరిచాక సైజు ఎంతుందో అడిగి 6000 బై 4000 అని విన్నాకే ఫ్రేమ్ కొలత చెప్పండి.